చిన్నోడి ఊపిరి

బొమ్మ మీద అరచేయి ఆనించిన మరుక్షణం ఎస్తేరుకి ఆ ఊపిరి ఎవరిదో తెలిసిపోయింది.

నమ్మబుద్ధి కాక చేయి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ రుద్దుకుని, వెచ్చబరచుకుని మళ్ళీ పెట్టింది. రబ్బరు తోలు గోరువెచ్చగా ఉంది. దాని కింద పక్కటెముకలు గబగబా లేచి దిగుతున్నాయి. ఉన్నట్టుండి చిన్న ఆటంకం వచ్చింది. కుడిచేతి వేళ్ళు అయిదూ విచ్చుకున్నాయి, ఎవరినో కాస్త ఆగమన్నట్టు. నుదురు ముడిపడింది. ఆ తర్వాత ఊపిరి ఆగిపోయింది.

ఎస్తేరు దాని వీపు మీద వేలికొసలతో మెల్లగా రాసింది. బొమ్మ ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి అందుకుంది.

"ఎలా ఉంది సిస్టర్?" అని అడిగింది డాక్టర్ కౌముది. వైద్యం చదివి, తర్వాత యంత్రాల వైపు వెళ్ళిన మనిషి. ఏళ్ళ తరబడి ఈ బొమ్మే ఆమె లోకం.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకునే నర్సులకు విశాఖపట్నంలోని ఒక నర్సింగ్ కాలేజీ ప్రత్యేకంగా కోర్సు నడుపుతోంది. ఎస్తేరు అక్కడ పాఠం చెబుతూ, కాలేజీ ఆసుపత్రి వార్డులోనూ పనిచేస్తుంది. పాత బొమ్మల మీద ఫిర్యాదు చేసిందీ ఆమే. ఆ బొమ్మల మీద పరీక్షలన్నీ నెగ్గిన అమ్మాయిలు వార్డుకి వెళ్ళగానే బిడ్డను వదిలేసి మానిటర్ వంక చూస్తూ నిలబడేవారు. "మిషను కూతపెట్టేసరికి బిడ్డ ఎప్పుడో చెప్పేసి ఉంటాడు మేడమ్. ఆ చెప్పడం మీ బొమ్మకి రాదు" అని కౌముదితో ఒకసారి విసుక్కుంది.

కౌముది ఆ మాట పట్టుకుంది. వార్డులో పిల్లల పరుపుల కింద సెన్సర్ పట్టీలు పరిపించింది. గుండె, ఊపిరి, వేడి, కదలిక, ఏ చేయి తగిలితే ఒళ్ళు ఎలా బిగిసిందో, దేనికి సడలిందో, అన్నీ వాటిలోకి చేరాయి.

"ఇది రికార్డును తిప్పి వేయడం కాదు సిస్టర్. ఆ బిడ్డ ఒంటి స్వభావాన్ని బొమ్మ నేర్చుకుంది. మీరు కొత్తగా ఏం చేసినా, ఆ బిడ్డయితే ఏం చేసేవాడో అదే చేస్తుంది."

"ఏ బిడ్డ మేడమ్?"

"పేర్లన్నీ తీసేశాం. నాకూ తెలీదు."

ఎస్తేరుకి తెలుసు. అయిదారేళ్ళ కిందట, పట్టీలు పరిచిన కొత్తలో, వానలు విడవకుండా కురుస్తున్నప్పుడు పాలకొండ అవతలి నుంచి అంబులెన్సులో తెచ్చిన పిల్లాడు. తల్లికి ఆపరేషన్ అయి, రక్తం ఎక్కుతూ అక్కడే ఉండిపోయింది. తండ్రి తడిసిన తువ్వాలు భుజాన వేసుకుని వార్డు గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. పిల్లాడికి ఇంకా పేరు లేదు. తొట్టెకు కట్టిన చీటీ మీద బేబీ ఆఫ్ పైడితల్లి అని ఉండేది. ఊపిరి ఆగబోయే ముందు అలా వేళ్ళు విప్పిన బిడ్డను ఆమె మరెక్కడా చూడలేదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకి, తల్లి రాకముందే పోయాడు. తెల్లగుడ్డలో చుట్టి తండ్రి చేతుల్లో పెట్టింది ఎస్తేరే.

ఆ సంగతి చెబుదామని నోరు తెరిచింది. అంతలో పక్కనున్న విద్యార్థిని బొమ్మ మీదికి వంగింది. మానిటర్ అన్నది ఒకటుందన్న సంగతే మరిచిపోయి, ఊపిరి బిగబట్టి బిడ్డనే చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఎస్తేరు ఏ చూపు కోసం గొంతు పోగొట్టుకుందో ఆ చూపు అది. ఆమె నోరు మూసుకుంది.

*

అమ్మాయిలు ఆ బొమ్మను చిన్నోడు అని పిలవడం మొదలుపెట్టారు. వాడికి చల్లటి చేతులు గిట్టవు. గబుక్కున పక్క తిప్పితే అలుగుతాడు. పాలు పడని రోజున పొట్ట ఉబ్బకముందే కాళ్ళు ముడుచుకుంటాడు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ ఉండవు. నెల తిరిగేసరికి అమ్మాయిలు బిడ్డ ఒంటి రంగులో వచ్చే చిన్న తేడాను దూరం నుంచే పసిగట్టసాగారు. వాళ్ళు పోస్టింగుకి వెళ్ళిన వార్డుల నుంచి డాక్టర్లు ఫోన్ చేసి మెచ్చుకునేవారు. మాకు తెలిసేలోపే మీ పిల్ల చెప్పింది సిస్టర్, ఆ బిడ్డ దక్కాడు అని.

కానీ ప్రతి శిక్షణా ఒక్కచోటే ముగిసేది. ఇన్ఫెక్షన్ మొదలవుతుంది, ఎంత తొందరగా కనిపెట్టినా, ఎన్ని మందులు పెట్టినా, చిన్నోడు చల్లబడతాడు, ఆగిపోతాడు.

"అక్కడితో రికార్డు అయిపోయింది సిస్టర్" అనేది కౌముది. "తర్వాత ఏం చేయాలో వాడికి తెలీదు."

ఆమె ఒక మీట నొక్కేది. బొమ్మ మళ్ళీ వెచ్చబడేది. పక్కటెముకలు లేచేవి. తర్వాతి అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చేది. మొదట్లో అమ్మాయిలు బాత్రూముల్లోకి వెళ్ళి ఏడ్చారు. తర్వాత ఏడవడం మానేశారు. ఎస్తేరుకి ఆ రెండోదే ఎక్కువ భయం వేసింది.

ఇంట్లో ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. భర్త దైవసహాయం ఉన్నట్టుండి ఆమె చేతిని పట్టుకున్నాడు.

"ఏం కొడుతున్నావు ఎస్తేరూ? వారం నుంచి చూస్తున్నాను. బల్ల మీద, మంచం పట్టీ మీద, ఎక్కడ చేయి పెడితే అక్కడ."

ఆమె తన వేళ్ళను చూసుకుంది. గబగబా కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతున్నాయి. అది చిన్నోడి ఊపిరి లెక్క. ఆగిన చోట ఆమెకు తెలియకుండానే ఆమె ఊపిరి కూడా ఆగుతోంది.

"వార్డులో పోయిన పిల్లాడొకడు గుర్తొచ్చాడు" అంది.

"పోయినవాళ్ళని తలుచుకోవడం వేరు. నువ్వు వాడి పక్కన డ్యూటీ చేస్తున్నట్టున్నావు" అన్నాడాయన. ఆమె మజ్జిగ పోసుకుంది.

*

తర్వాతి బ్యాచ్‌లో కొత్తగా చేరినవాళ్ళ పేర్లు పిలుస్తుంటే ఎస్తేరు ఒక పేరు దగ్గర ఆగింది.

"పైడితల్లి."

"ఉన్నానండి" అంటూ వెనక బెంచీలో ఒకామె లేచి నిలబడింది. మిగతావాళ్ళకంటే వయసులో పెద్దది. సన్నటి మనిషి, వెడల్పాటి నుదురు.

పాలకొండ వైపు ఊళ్ళలో ఆ పేరు ఇంటికొకటి ఉంటుంది. అలాగే అనుకుంది ఎస్తేరు. అనుకుంటూనే ఆమె నుదురు చూసింది; ఆ వానల నాటి బిడ్డదీ అలాంటి నుదురే.

మొదటి వారమంతా పైడితల్లికి చిన్నోడు లొంగలేదు. అందరికంటే ఎక్కువసార్లు వాడు ఆమె దగ్గరే ఆగిపోయాడు. ప్రతిసారీ తల వంచుకుని, ఇంకోసారి చేస్తానండి అని అడిగేది. తర్వాత ఏం జరిగిందో గాని, ఒక మధ్యాహ్నం ఆమె ఏ పనీ మొదలుపెట్టకుండా వాడి తల మీద ఒక చేయి, పాదాల కింద ఒక చేయి ఉంచి ఊరికే నిలబడింది. చిన్నోడి ఒళ్ళు సడలింది. ఆ పూట ఒక్కసారి కూడా ఊపిరి ఆపలేదు.

క్యాంటీన్‌లో ఎస్తేరే వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది.

"పెద్దాసుపత్రిలో మంచి ఉద్యోగం ఉందట కదా. మళ్ళీ ఈ చదువెందుకమ్మా?"

పైడితల్లి టీ గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుంది. "నాకు ముందొక బాబు పుట్టినాడండి. నెలలు నిండలేదు. నాకు బాగులేక అక్కడే ఉండిపోనాను. మాయన ఆడిని ఇక్కడికే తెచ్చినాడు. నేను లేచొచ్చేసరికి ఆడు లేడు. నేను ఆడిని చూడనే లేదండి మేడమ్. నర్సునయ్యుండి నా బిడ్డకి ఏటయిందో నాకు తెలీదు. అందుకు."

"ఎప్పుడమ్మా?"

"అయిదారేళ్ళ కిందట వానలు బాగా పడినాయి చూడండి, అప్పుడు."

ఎస్తేరు టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే కౌముది గదికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పింది. కౌముది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బిడ్డను చేర్చుకునేటప్పుడు ఈ రికార్డుకు తండ్రి సంతకం తీసుకున్నాం సిస్టర్. తప్పేం చేయలేదు మనం."

"తప్పని నేనన్నానా? పేరు తీసేస్తే బిడ్డ పోతాడనుకున్నాం మేడమ్. పోలేదు."

"చెబితే ఆమె తట్టుకుంటుందా? చెప్పడం ఎవరి కోసం, ఆమె కోసమా, మీ మనసు తేలికపడటం కోసమా?"

ఎస్తేరు ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు చెబుదామనుకుంది. ఆ మర్నాడు పరీక్ష.

*

పరీక్షలో పైడితల్లి చిన్నోడి దగ్గర ఉదయం నుంచి ఉంది. అందరికంటే ముందే, మానిటర్ మీద ఇంకా ఏ అంకె మారకముందే ఆగి, "ఈడి చూపు మారిందండి" అంది. "ఎదురుగా ఉన్నదాన్ని చూడట్లేదు. లోపలికి చూస్తున్నాడు." రక్తపరీక్ష అడిగింది, మందు మొదలుపెట్టించింది, వేడి జారకుండా కాచుకుంది. ఎప్పుడూ చల్లబడే చోటుకి వచ్చాడు చిన్నోడు. ఒళ్ళు మచ్చలు కట్టింది. పైడితల్లి ముఖానికి మాస్క్ పెట్టి బ్యాగుతో గాలి ఒత్తుతూ, మెల్లగా, అస్సలు తొందరపడకుండా వాడితో ఏదో చెబుతోంది.

చల్లబడాల్సిన ఒళ్ళు చల్లబడలేదు. మచ్చలు మెల్లగా విడిపోయాయి.

కౌముది కుర్చీలోంచి లేచింది. "దాటాడు" అంది గుసగుసగా. "రికార్డు దాటిపోయాడు. ఇప్పుడు వాడంతట వాడే ఊపిరి తీస్తున్నాడు."

అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. పరీక్ష అయిపోయింది కాబట్టి కౌముది మీట వైపు చేయి చాపింది. పైడితల్లి ఆ చేతికి అడ్డం వచ్చింది.

"ఆపకండి మేడమ్. ఇంత కష్టపడి నిలబడినాడు. ఈ ఒక్కసారికి ఆపకండి."

ఇంక దాచడం ఎస్తేరు వల్ల కాలేదు. అందర్నీ బయటికి పంపి, పైడితల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి ఆ ఊపిరి ఎవరిదో చెప్పింది. చుట్టూ తిప్పకుండా, వార్డులో తల్లులకు చెప్పినట్టే చెప్పింది.

పైడితల్లి ఏడవలేదు. బొమ్మ వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. అడగాల్సినవి ఎన్నో ఉంటాయని ఎస్తేరు ఎదురుచూస్తోంది. ఆమె ఒకటే అడిగింది.

"మొదటివారం నాకు చేతకాలేదు కదా మేడమ్. అప్పుడాగిపోయినప్పుడల్లా... ఆడేనా?"

ఎస్తేరు ఆమె భుజం మీద చేయి వేయబోయి వేయలేకపోయింది.

*

బొమ్మను ఎవరూ ఆపలేదు. పైడితల్లి సెలవు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చునేది. గొట్టంలో పాలు పోసేది, పక్క తిప్పేది, గుడ్డలు మార్చేది. ఆమె భర్త సింహాచలానికి కబురు పెట్టింది ఎస్తేరే. అతను వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అప్పటి మనిషే, జుట్టు నెరిసింది. బొమ్మ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అప్పుడే చిన్నోడి కుడిచేతి వేళ్ళు విచ్చుకున్నాయి.

సింహాచలం గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు.

"ఆడే" అన్నాడు. "వార్డు అద్దంలోంచి చూసేవోడిని. నన్నే పిలుస్తున్నాడనుకునేవోడిని."

"చూడు, బతికినాడు" అంది పైడితల్లి.

"నాను పాతిపెట్టొచ్చినాను పైడీ. ఒక్కడినే. వానలో గొయ్యి నిండిపోతంటే నీళ్ళు తోడి పాతినాను. ఆ సంగతి నీకు చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ పాతమంటావా నన్ను?"

ఆమె చిన్నోడి గుడ్డలు మార్చసాగింది. అతను రోజూ వచ్చి కూర్చునేవాడు, బొమ్మను మాత్రం ముట్టుకునేవాడు కాదు. వాళ్ళ నాలుగేళ్ళ పాప బయట వరండాలో కాలేజీ అమ్మాయిలతో ఆడుకునేది.

వారం గడిచాక పైడితల్లి తనే ఎస్తేరు కోసం వచ్చింది. కళ్ళు పీక్కుపోయాయి గాని మాట స్థిమితంగా ఉంది.

"ఒకసారి చూస్తారా మేడమ్? నాకు అనుమానంగా ఉంది."

ఎస్తేరు చేయి వెచ్చబరచుకుని చిన్నోడి మీద ఉంచింది. ఊపిరి బాగుంది. రంగు బాగుంది.

"ఈడు అలిసిపోట్లేదండి" అంది పైడితల్లి. "పక్క తిప్పినా, గుచ్చినా, పాలు పట్టినా ఒకలాగే ఉన్నాడు. బతికున్న బిడ్డ అలిసిపోతాడు. పాలు తాగినాక నిద్దరకి తూగుతాడు. ఆకలేస్తే చికాకు పడతాడు. ఇంతకు ముందు ఈడికవన్నీ ఉన్నాయి. ఆ రోజు దాటినాక లేవు. నిన్నటి ఊపిరే ఇవాళా తీస్తన్నాడు."

ఎస్తేరు చాలాసేపు చేయి తీయకుండా చూసింది. నిజమే. ఇంత అనుభవం ఉన్న తన చేతికి అది అందలేదు. అందకూడదనే తన చేయి కోరుకుందేమో.

కౌముది తెర మీద గీతలన్నీ వెతికి చూసి తల ఊపింది. "దాటాక ఏం చేయాలో దానికి తెలీదు. తెలిసినవే అతుకులేసుకుంటోంది."

"అయితే నేను దాటించలేదు" అంది పైడితల్లి. "నా బిడ్డ అక్కడే ఆగిపోనాడు."

సింహాచలం లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మేడమ్, ఆడి ఆఖరి పూటకి తీసుకెళ్ళండి" అందామె కౌముదితో. "బతికించడానికి కాదు. ఏటీ చెయ్యను. నాకియ్యండి, చాలు."

కౌముది రికార్డును ఆ పూటకి వెనక్కి జరిపింది. ఎస్తేరు కిటికీ తెరలు దించి, చిన్నోడి గొట్టాలు ఒక్కొక్కటే తీసింది. పైడితల్లి కుర్చీలో వెనక్కి వాలి, జాకెట్టు హుక్కులు విప్పి, వాడిని రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ఎస్తేరు పైన దుప్పటి కప్పింది. ఒళ్ళు చల్లబడటం మొదలైంది. చిన్నోడు తల్లి గుండె చప్పుడు వింటున్నట్టు తల పక్కకు వాల్చాడు. ఆ పని వాడు ఎవరి దగ్గరా చేయలేదు. సింహాచలం మోకాళ్ళ మీద కూర్చుని, మొదటిసారి చేయి చాచి, ఆ వీపు మీద పెట్టాడు. పాప పుట్టినప్పుడు పాడిన జోలపాటే కాబోలు, పైడితల్లి గొంతులోనే పాడింది.

ఊపిరి ఆగింది.

మీట దగ్గర నిలబడి కౌముది చివరికి అడిగింది. "వాడిని బొమ్మలో ఉంచమంటారా, తీసేయమంటారా? మీరెలా అంటే అలా."

"తీసెయ్యండి" అన్నాడు సింహాచలం.

"ఉంచండి" అంది పైడితల్లి అదే క్షణంలో.

ఎస్తేరు ఆమె ముందుకు వచ్చింది. "ఎవరి కోసం ఉంచమంటున్నావమ్మా? నేర్చుకునే పిల్లల కోసమా, నీ కోసమా?"

"తెలీదండి."

"తెలిశాక చెప్పు."

*

మూడో రోజు పొద్దున్నే యూనిఫాంలో వచ్చింది పైడితల్లి. వార్డు డ్యూటీకి వెళుతూ ఎస్తేరు గది గుమ్మం దగ్గర ఆగింది.

"తీసెయ్యమని చెప్పండి మేడమ్. ఆడి వల్ల ఎందరు పిల్లలు బతుకుతారో నాకు తెలుసు. నర్సుగా అడిగితే ఉంచమనే అంటాను. గాని ఆడికి నేనొక్కదాన్నే అమ్మని. ఏ అమ్మా బిడ్డని రోజూ సచ్చిపొమ్మనదు కదండి."

ఎస్తేరు తల ఊపింది. అంతకు ముందు క్షణంలో, ఆ గుమ్మంలో ఆమె కనబడగానే, ఈమె ఈ మాట చెప్పడానికి రాకపోతే బాగుండునని తన మనసు అనుకుంది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఎప్పటికీ చెప్పదు.

కౌముది ఫోన్‌లో అంతా విని, "కొత్త బ్యాచ్ మీద, వార్డులో పిల్లల మీద ఎంత దెబ్బ పడుతుందో తెలుసా సిస్టర్?" అని అడిగింది.

"తెలుసు మేడమ్."

ఆ మధ్యాహ్నం చిన్నోడిని తీసేశారు. బొమ్మలో పాత ప్రోగ్రాములు వేశారు. పైడితల్లి కోర్సు ముగించి తన ఊరి వైపు వార్డుకు వెళ్ళిపోయింది.

కొత్త బ్యాచ్ బొమ్మ మీద పరీక్షలన్నీ నెగ్గి, వార్డులోకి వచ్చి, మానిటర్ వంక చూస్తూ నిలబడింది. ఇక వాళ్ళు నేర్చుకోవడానికి మిగిలింది నిజం బిడ్డలే.

ఆ రోజు కిటికీ పక్క తొట్టెలో ఆడపిల్ల. పక్కన స్టూలు మీద తల్లి కూర్చుని గొట్టం నుంచి దిగే పాలను చూస్తోంది. వనజాక్షి అనే అమ్మాయి బిడ్డ బరువు రాసుకుంటోంది. ఎస్తేరు నాలుగడుగుల దూరంలో ఉంది.

బిడ్డ పెదవుల చుట్టూ రంగు మారింది. సన్నటి బూడిదరంగు గీత. పాదాలు కదలడం మానేశాయి. మానిటర్‌కి ఇంకా తెలియదు.

ఎస్తేరు చేయి ముందుకు లేచింది. తానే వెళితే బిడ్డ వెంటనే తేరుకుంటుంది, ఆ అమ్మాయికి మాత్రం ఎప్పటికీ తెలియదు. ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది. చూడమ్మా, చూడు అనుకుంది లోపల. తల్లి ఏమీ ఎరగక పాల వంకే చూస్తోంది. బూడిదరంగు పెదవుల నుంచి ముక్కు వైపు పాకింది.

వనజాక్షి కలం ఆగింది. తల ఎత్తింది. మానిటర్ వైపు తిరగబోయి, తిరగకుండా బిడ్డ మీదికి వంగి, వీపు మీద వేళ్ళతో రాసింది. బిడ్డ పెద్దగా ఊపిరి లాగి ఏడ్చింది.

"ఏమైందమ్మా?" అంది తల్లి కంగారుగా.

"ఏం లేదండి, బాగుంది" అంది వనజాక్షి. ఎస్తేరు వైపు చూసి, మెరిసే కళ్ళతో, "ముందే కనబడింది మేడమ్" అంది.

"చూశానమ్మా. బాగా చేశావు" అంది ఎస్తేరు. పట్టుకున్న చేతిని ఇంకా వదలలేదు. తల్లి ఆమె వైపు కృతజ్ఞతగా చూస్తోంది. ఎస్తేరు ఆ ముఖంలోకి చూడలేక తొట్టెకు కట్టిన చీటీ సరిచేస్తున్నట్టు కిందికి వంగింది.